ఆఖరి చెంబు

పట్టపుపాళెం, కావలి
డిసెంబరు 2

ఆదెయ్య మామకు,

నీ మేనకోడలు స్వర్ణ కోపంగా రాస్తున్న ఉత్తరం ఇది. ఈ కాలంలో ఉత్తరాలేంది మామా? నాలుగు సార్లు ఫోన్ చేస్తే నాలుగు సార్లూ పేరమ్మత్తే ఎత్తింది. "మీ మామ ఉత్తరం రాయమంటా ఉండాడు మే" అని పెట్టేసింది. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. సరే, రాస్తున్నాను. చదువు.

నువ్వు నాకిచ్చిన డబ్బా వ్యాను పొగ వదులుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలంగా, పాళెం దాటేదాకా తెల్లగా. మీటరు పక్కన ఇంజిను బొమ్మ లైటు వెలిగి ఇక ఆరడం లేదు. పొగ పరీక్ష చేయిస్తే ఫెయిలన్నారు. మార్చి ఇరవైకి బండికి పదిహేనేళ్ళు నిండుతాయి. ఆలోపల పొగ సర్టిఫికెట్టు తెచ్చి, బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి, రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి. లేకపోతే అది తుక్కు కిందే లెక్క.

కావలిలో రవి కుమార్ అని ఒక మెకానిక్కు ఉన్నాడు. సీటు ఎత్తి అర నిమిషం చూసి, "రింగులు పోయినాయక్కా. ఇంజిను విప్పినా దండగే. తుక్కోళ్ళు నాకు తెలుసు, మంచి రేటు ఇప్పిస్తా" అన్నాడు. "ఆ రేటేందో నువ్వే ఉంచుకో" అని వచ్చేశాను.

ఈ బండి లేకపోతే నా బతుకేమిటో నీకు చెప్పాలా? బండి రాకముందు, మా ఆయన కిషోర్ పడవలో తెచ్చిన చేపలన్నీ ఒడ్డునే షావుకారుకు పోసేసి, ఆయన ఎంత చెబితే అంతకు తలూపి వచ్చేదాన్ని. ఇప్పుడు ఐసు పెట్టెల్లో వేసుకుని కావలి వీధుల్లో నా రేటుకు నేను అమ్ముకుంటున్నాను. మళ్ళీ ఆ షావుకారు ముందు నిలబడమంటే నిలబడను. ఎవరేమన్నా సరే, నిలబడను.

పోయినేడు పాసైన బండి మామా ఇది. ఏడాదిలో ఏమొచ్చి పడింది? ఊళ్ళో ఎట్లాగో తిప్పుతున్నాను కానీ, సర్టిఫికెట్టు లేకుండా హైవే ఎక్కితే పట్టుకుంటారు కాబట్టి వెంకటాచలం దాకా తీసుకురాలేను. నువ్వే బస్సెక్కి రా. ఒక్కసారి చెవి పెట్టి విన్నావంటే నీకు తెలిసిపోతుంది.

స్వర్ణ


వెంకటాచలం
డిసెంబరు 9

స్వర్ణకు,

నీ కోపం అందింది. కవరు కూడా చిరిగి వచ్చింది.

నేను రాను. మోకాళ్ళు బాగా లేవు. మెకానిక్కు షెడ్డు మూసి రెండేళ్ళయింది, నీకు తెలిసిందే. ఫోను సంగతంటావా, ఫోనులో మనుషులు నోటికొచ్చింది చెబుతారు. కాగితం మీద పెట్టాలంటే బండి దగ్గరికి పోయి చూసి పెడతారు. అందుకే రాయమన్నాను.

అర నిమిషంలో రింగులు పోయాయని తేల్చినవాడు మెకానిక్కా, సోది చెప్పేవాడా? రింగులు పోతే ఇంజినులో ఆయిలు పైకెక్కి కాలుతుంది. కాలితే తగ్గాలి కదా. ఆ కొలత పుల్ల బయటికి లాగి చూశాడా? చూడలేదని పందెం వేస్తాను. నువ్వు చూడు. వారం రోజులు రోజూ పొద్దున, బండి చదునుగా ఉన్నప్పుడు చూసి, ఎంత తగ్గిందో రాయి.

సీటు ఎత్తి మూడు ప్లగ్గులూ విప్పు. విప్పడం నేర్పించాను, మరిచిపోయానని అనకు. మూడూ ఒకే రంగులో ఉన్నాయా, ఒకటే నల్లగా ఉందా, తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా, చేత్తో తుడిచి చూసి రాయి. ఇంజిను ఏం శబ్దం చేస్తోందో కూడా రాయి. "ఏదో శబ్దం" అని రాస్తే ఉత్తరం తిప్పి పంపుతాను. ఎప్పుడు వస్తోంది, నిలబెట్టి తొక్కితే వస్తుందా, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుందా? పెట్రోలు ఎంత తాగుతోందో కూడా కావాలి.

పోయినేడు పాసైందంటున్నావు. ఆ కాగితం మీద అంకెలుంటాయి. అవి రాసి పంపు. అప్పటికీ ఇప్పటికీ తేడా చూస్తే సగం జబ్బు తెలుస్తుంది.

తుక్కుకు మాత్రం ఇవ్వకు. అది నా చేతుల్లో పెరిగిన బండి.

ఆదెయ్య


పట్టపుపాళెం
డిసెంబరు 17

మామా,

ఆయిలు తగ్గలేదు. వారం రోజులు చూశాను, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ఆ మాట రవి కుమార్‌కు చెబితే, "అయితే బేరింగులు అక్కా" అన్నాడు. వారానికో జబ్బు చెబుతున్నాడు ఆ మహానుభావుడు.

ప్లగ్గులు మూడూ ఒకటే మాదిరి. నల్లగా, తడిగా ఉన్నాయి. గుడ్డతో తుడిస్తే జిడ్డు. వాసన చూస్తే పెట్రోలు వాసనే కానీ, ఇంకేదో కూడా కలిసినట్టుంది. ఏమిటో చెప్పలేను. చేపల మధ్య బతికేదాన్ని, నా ముక్కును నమ్మకు.

శబ్దం రాయమన్నావు కదా. నిలబెట్టి ఎంత తొక్కినా ఏమీ లేదు. పెట్టెలు నింపుకుని రైలు బ్రిడ్జి ఎక్కేటప్పుడు మాత్రం, స్టీలు డబ్బాలో చింతగింజలు పోసి ఆడించినట్టు గలగలమంటుంది. దిగేటప్పుడు ఉండదు. బాగా రాశానా? అయినా నీకు నమ్మకం కుదరదని, ఆ శబ్దం ఫోన్లో రికార్డు చేశాను. నెల్లూరులో పనికి పోయే మా మరిది పెంచలప్రసాద్ ఆదివారం అక్కణ్ణించి వెంకటాచలం వచ్చి నీకు వినిపిస్తాడు.

పెట్రోలు సంగతి అడిగావు. అదొక్కటే మంచి వార్త. మునుపటి కంటే తక్కువ తాగుతోంది. అంతకుముందు వారానికి రెండు సార్లు పోయించేదాన్ని, ఇప్పుడు ఒకసారి పోయిస్తే ఇంకా మిగులుతోంది. పొగ వదిలితే వదిలింది, మైలేజీ ఇస్తోందని మురిసిపోతున్నాను.

మురిసిపోవడానికి లేకుండా నిన్న ఒకటి జరిగింది. బడి దగ్గర సైకిళ్ళ మీద పోతున్న పిల్లలు నా పొగలో దగ్గుకుంటూ పక్కకు ఒరిగారు. రెబెక్కమ్మ టీచరు బండికి అడ్డం నిలబడి, "నీ బిడ్డలు కూడా ఈ బళ్ళోనే చదివినారు స్వర్ణా. నీకు సిగ్గు లేదా?" అంది. తల ఎత్తలేకపోయాను. ఆర్టీవో ఆఫీసు గేటు దగ్గర ఒక ఏజెంటు ఉంటాడు. "బండి తేవద్దు, నంబరు చెప్పు చాలు, కాగితం ఇస్తా" అంటున్నాడు. నేను తీసుకోను. నా బండి నిజంగా పాసవ్వాలి.

స్వర్ణ


వెంకటాచలం
డిసెంబరు 27

స్వర్ణకు,

చింతగింజల మాట బాగుంది. లోడు మీదే వస్తుంది, నిలబెడితే రాదు అంటే అది బేరింగు కాదు. బేరింగు పోతే నిలబెట్టినా కొట్టుకుంటుంది. సిలిండరులో మంట వేళకు ముందే అంటుకుంటే ఆ గలగల వస్తుంది. ఇది పెట్రోలు జబ్బు.

జబ్బు చేసిన ఇంజిను ఎక్కువ తాగుతుంది. తక్కువ తాగే జబ్బు నేను ముప్పై ఎనిమిదేళ్ళలో చూడలేదు. నువ్వు మురిసిపోతున్న ఆ మైలేజీయే నాకు అన్నిటికంటే అనుమానంగా ఉంది.

రెండు పనులు చెయ్యి. రవి కుమార్ దగ్గర సిలిండరు గాలి కొలిచే మీటరు ఉంటుంది. మూడింటికీ పెట్టించు. మూడూ నూట యాభై దాటితే రింగులు నిక్షేపంగా ఉన్నట్టు. తర్వాత నీ ట్యాంకులోంచి ఒక చెంచా పెట్రోలు తీసి, పొయ్యికి దూరంగా, ఎండలో, తెల్లటి పింగాణీ ప్లేటులో పొయ్యి. మంచి పెట్రోలైతే ఆరిపోయాక అక్కడేమీ మిగలదు. ఏమైనా మిగిలితే రాయి.

పోయినేడు కాగితం మీది అంకెలు పంపలేదు. పంపు.

ఆదెయ్య


పట్టపుపాళెం
జనవరి 5

మామా,

నూట అరవై ఐదు, నూట అరవై, నూట అరవై రెండు. రవి కుమార్ మీటరును రెండు సార్లు తట్టి చూసుకున్నాడు. "ఇంజిను కొత్తదాని మాదిరే ఉందక్కా" అన్నాడు. మొహం చూడాల్సింది.

ప్లేటులో పోసిన పెట్రోలు ఆరింది కానీ అంచున జిడ్డు మిగిలింది. వేలితో రాస్తే వంటనూనె తగిలినట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బంకుకు పోయి, "ఏం కలిపి అమ్ముతా ఉండారయ్యా మాకు?" అని పదిమందిలో అరిచేసి వచ్చాను.

ఇక అసలు సంగతి. నేను పంపిన రికార్డు గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పెంచలప్రసాద్‌ను అడిగాను. వాడు ఫోన్ నీ చేతికిచ్చాడట. నువ్వు చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆఁ, తెలిసింది" అని తిరిగి ఇచ్చేశావట. వాడు ఇంకా రికార్డు నొక్కనే లేదట మామా. పెద్దాయనతో ఏమంటాం అని ఊరుకుని వచ్చేశాడు.

నీకు వినపడుతోందా? మోకాళ్ళని నాకు చెప్పకు. పేరమ్మత్త ఫోనెత్తడం, నువ్వు ఉత్తరాలడగడం, అన్నీ ఇప్పుడు అర్థమవుతున్నాయి.

నిన్ను నిజం చెప్పమని అడిగే ముందు నా నిజం నేను చెప్పాలి. పోయినేడు సర్టిఫికెట్టు మీది అంకెలు నేను పంపనిది మరిచిపోయి కాదు. ఆ అంకెలు అబద్ధం. ఆ ఏజెంటు దగ్గరే తీసుకున్నాను. బండి ఇంటి ముందు ఉండగానే కాగితం చేతికొచ్చింది. అప్పటికే కొద్దికొద్దిగా పొగ మొదలైంది, చేపలు పాడైపోతాయి, ఎవరు పరీక్షకు తిరుగుతారని తీసేసుకున్నాను. ఇప్పుడు తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. కానీ నువ్వు కూడా చెప్పు.

స్వర్ణ


వెంకటాచలం
జనవరి 21

స్వర్ణకు,

నీ ఉత్తరం రెండు వారాలు జేబులో పెట్టుకుని తిరిగాను. మొదటి వారం నీ మీద కోపం, రెండో వారం నా మీద.

వినపడదు. ఎడమది పూర్తిగా పోయింది, కుడిదాంట్లో ఎప్పుడూ ఏదో హోరు. ముప్పై ఎనిమిదేళ్ళు ఇంజిన్ల పక్కన నిలబడిన దానికి దక్కింది ఇది. రెండేళ్ళ కిందట ఒకాయన లారీ తెచ్చాడు. లోపల ఏదో కొట్టుకుంటోంది చూడమన్నాడు. నాకేమీ వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి నోరు రాలేదు. "ఏం లేదు, పోనియ్యి" అన్నాను. నాయుడుపేట చేరకముందే ఇంజిను పట్టేసింది. ఆ మనిషి పెళ్ళాం మెడలోవి అమ్మి కొత్త ఇంజిను వేయించుకున్నాడు. ఆ మర్నాడే షెడ్డుకు తాళం వేశాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నవ్వుతారని భయపడి మోకాళ్ళ మీద పెట్టాను.

ఇక నీ సంగతి. ఎంత పని చేశావే! పోయినేడు నిజంగా పరీక్ష చేయించి ఉంటే ఆ రోజే బయటపడేది. ఏడాది పాటు దాని కడుపులో విషం పోయింది, దాని గొట్టంలోంచి ఆ పిల్లల ముక్కుల్లోకి పోయింది. నాకు వినపడక ఒకడి ఇంజిను పోయింది. నువ్వు వినపడుతూ కూడా వినలేదు. తిట్టమన్నావు కాబట్టి తిట్టాను. ఇక దాన్ని మళ్ళీ ఎత్తను.

బంకు వాడిని అనవసరంగా అన్నావేమో. శుభ్రమైన సీసాలో బంకు దగ్గర నేరుగా పట్టించుకో. అదే ప్లేటులో పొయ్యి. మరక మిగలకపోతే తప్పు బంకుది కాదు. పోయి క్షమించమని అడుగు.

అప్పుడు ఇంటికి వచ్చి ఒక సంగతి చూడు. నేనూ ఆ పాళెంలో పుట్టినవాణ్ణే. పడవ నీళ్ళ మీదికి పోయే ముందు, మోటారులో ఆఖరి చెంబు చమురు ఇంటి ఆడది తన చేత్తో పోస్తుంది. పోసినట్టు ఎవరికీ చెప్పదు, చెబితే పని చేయదంటారు. మా అమ్మ మా నాయన పడవకు పోసేది. పడవ మోటారు చమురంటే పెట్రోలులో కిరసనాయిలు, పైన పాత స్కూటర్లలో కలిపే టూటీ ఆయిలు. అది పడవ మోటారుకు అన్నం. కారుకు పడదు. నీకు తెలియకుండా నీ ట్యాంకు నిండుతోంది కాబట్టే మైలేజీ పెరిగింది.

మీ ఇంట్లో ఆఖరి చెంబు ఎవరు పోస్తారు? పడవకేనా?

ఆదెయ్య


పట్టపుపాళెం
జనవరి 30

మామా,

బంకు పెట్రోలు మరక లేకుండా ఆరిపోయింది. పోయి క్షమించమన్నాను. బంకతను పెద్దమనిషి, టీ తాగి పొమ్మన్నాడు.

మర్నాడు నేను తొందరగా లేచి చీకట్లో వాకిట్లో కూర్చున్నాను. మా అత్త మస్తానమ్మ లేచింది. పడవ క్యాను దగ్గరికి పోయి చెంబు నింపుకుంది. కిషోర్ పడవ అప్పటికే పోయింది, కాబట్టి అది పడవకు కాదు. నా బండి దగ్గరికి వచ్చింది, మూత తిప్పింది, గరాటు పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ పోసింది. చివరి చుక్క దాకా పోసి, పైట కొంగుతో మూత తుడిచింది.

"అత్తా!" అని అరిచాను. చెంబు కింద పడేసింది.

"ఎన్నాళ్ళ నుంచి పోస్తా ఉండావు?"

"చెప్పగూడదు మే. చెప్తే పని చెయ్యదు."

"పని చేసింది చాలు! బండి చచ్చిపోతా ఉంది!"

అప్పుడు ఆమె మెట్టు మీద కూలబడింది. మామా, ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ముందటేడు దసరా అయినాక నీ బండి పెట్రోలు అయిపోయి నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఎండలో నాలుగు మైళ్ళు తట్ట మోసుకొని వస్తివి. నీ మెడ నరాలు ఉబ్బిపోయి ఉండాయి. నేను చూసినా. మగోళ్ళు పోయే పడవకు పోస్తామే, నువ్వు పోయేది మాత్రం పని కాదా? నిన్ను తెచ్చి తిరిగి ఇంట్లో దించేది ఎవురు? అందుకని ఆ రోజు కాణ్ణించి పోస్తా ఉండా. అది కూడా పెట్రోలే కదా మే, వాసన ఒకటే కదా."

నాకు ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో తెలియలేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె నాతో ప్రేమగా ఒక్క మాట అన్నది లేదు. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందనే అంటుంది. అలాంటి మనిషి ఏడాది పైగా నా కోసం చీకట్లో లేస్తోంది.

పొగ ఎందుకొస్తోందో మెల్లగా చెప్పాను. అర్థమైంది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం వచ్చి, "ఆ బడి పిల్లోళ్ళు దగ్గింది నా వల్లనా?" అని అడిగింది. అబద్ధం చెప్పలేదు. అవునన్నాను.

నువ్వు నేరుగా ఆమె పేరు రాయలేదు. రాసి ఉంటే ఆ పొద్దున నేను ఏమనేదాన్నో నాకే భయంగా ఉంది. ఇప్పుడేం చేయాలో చెప్పు. యాభై రోజులు కూడా లేవు.

స్వర్ణ


వెంకటాచలం
ఫిబ్రవరి 6

స్వర్ణకు,

మస్తానమ్మక్కను భోజనం చేయమను. బండికి పట్టిన జబ్బు పోయేదే. పోయాక కూడా ఆమె పస్తుంటే నేనే బస్సెక్కి వచ్చి తినిపిస్తాను.

ట్యాంకు కింద బోల్టు తీసి మొత్తం ఖాళీ చెయ్యి. ఆ చమురు పారబోయకు, వడగట్టి పడవకు వాడుకోమను. శుభ్రమైన పెట్రోలు రెండు లీటర్లు పోసి, కుదిపి, అదీ తీసెయ్యి. ఫిల్టరు మార్చు, ప్లగ్గులు మూడూ కొత్తవి వెయ్యి, ఇంజిను ఆయిలు మార్చు. రవి కుమార్ చేత చేయించు, కానీ పక్కనే నిలబడు.

ఆ తర్వాత కూడా మొదటిసారి పరీక్షలో పోతుంది. ముందే చెబుతున్నాను, గుండె జారిపోవద్దు. పొగ గొట్టం మధ్యలో కన్వర్టరని జల్లెడ లాంటిది ఉంటుంది. దానికి ఏడాది జిడ్డు పట్టి ఉంది. అది కాలాలంటే ఇంజిను బాగా వేడెక్కాలి. ఐసు పెట్టెల నిండా ఇసుక నింపి, రేవు రోడ్డు మీద మనుషులు లేని చోట రెండో గేరులో గంటసేపు నడుపు. నాలుగు రోజులు చెయ్యి. గలగల వస్తే వెంటనే ఆపి నాకు రాయి. రాకపోతే తొక్కు. భయపడకు. ఆ ఇంజిను నీకంటే మొండిది.

ఆదెయ్య


పట్టపుపాళెం
ఫిబ్రవరి 27

మామా,

మొదటిసారి పోయింది. నువ్వు అన్నట్టే. విషవాయువు సున్నా పాయింటు అయిదు లోపల ఉండాలట, సున్నా పాయింటు తొమ్మిదొచ్చింది. రవి కుమార్, "నేను చెప్పలా?" అన్నాడు. "రింగులన్నావు, బేరింగులన్నావు, దేని గురించి అంటా ఉండావు?" అన్నాను. ఇంటికొచ్చి పెట్టెల్లో ఇసుక నింపాము. నాలుగు రోజులు తొక్కాను. రెండో రోజు గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుగుప్పున వచ్చి పాళెమంతా వచ్చి చూసింది. మూడో రోజు సన్నబడింది. నాలుగో రోజు లేదు. గలగల ఒక్కసారి కూడా రాలేదు.

మొన్న మళ్ళీ పరీక్షకు పోయాను. అక్కడతను, "గొట్టంలో కడ్డీ పెట్టమంటావా, పెట్టకుండానే ఇమ్మంటావా?" అని అడిగాడు. "లోపల దాకా పెట్టు" అన్నాను. సున్నా పాయింటు రెండు! ఇంకో వాయువు, ఏడు వందల యాభై దాటకూడదన్నది, రెండు వందల పది! నమ్మకం కుదరక ఇంకోసారి పెట్టించాను. అదే వచ్చింది. మామా, అక్కడే గట్టిగా కేక పెట్టేశాను.

నిన్న ఆఫీసుకు పోయాము. మా అత్త నేనూ వస్తానంది. వద్దంటే వినలేదు. గేటు దగ్గర ఆ ఏజెంటు బండికి అడ్డం వచ్చాడు. అందరికీ వినపడేలా, "పోయినేడు నా కాడ కాగితం కొన్నప్పుడు గుర్తు లేదా ఈ నిజాయితీ? ఇప్పుడేందో పెద్ద వేషాలేస్తా ఉండావు" అన్నాడు.

దిగాను. "కొన్నా. తప్పు చేసినా. నేనే చెప్తా ఉండా, నువ్వు చెప్పేది ఏముంది? ఈసారి కడ్డీ పెట్టించి తెచ్చినా. మళ్ళీ పెట్టు, అందరూ చూస్తారు. నీ బండికి కూడా పెట్టిద్దాం, రా!" అన్నాను. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు పక్కకు తప్పుకున్నాడు.

ఆ మాటలు లోపలికి వినపడ్డాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి పోయినేటి కాగితం తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని తీసి ఫైల్లో పెట్టుకుని, దానికి జరిమానా వేరే రాశాడు. కట్టాను. అప్పుడు మా అత్త ముందుకొచ్చి, "పొగ పెట్టింది నేను సార్. పడవ చమురు పోసినా. బండి తప్పేం లేదు, నా కోడలి తప్పూ లేదు. ఏమన్నా ఉంటే నన్ను అనండి" అంది. ఆ పెద్ద ఆఫీసరు ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

ఆయన ఇంజిను స్టార్ట్ చేయించి, వంగి చాలాసేపు విన్నాడు. "ఎవరు బాగుచేసినారు?" అన్నాడు.

"వెంకటాచలం ఆదెయ్య. మా మామ."

"ఏ ఆదెయ్య? లారీ ఇంజిను పట్టేయించిన ఆదెయ్యా? ఆయనకు చెవుడంట కదమ్మా?"

"ఆ ఆదెయ్యే సార్. చెవుడే. చెవులున్నోళ్ళు చూసినారు, తుక్కుకు ఇమ్మన్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయనకు వినపడదు, అందుకని అన్నీ అడిగినాడు. పుల్ల చూసినావా అన్నాడు, ఎత్తు ఎక్కితే ఎట్టా మోగుతుందన్నాడు, ఇంట్లో చమురు పోసేది ఎవరన్నాడు. ఉత్తరాల మీదే బాగుచేసినాడు సార్. ఈ బండిని ముట్టుకోను కూడా లేదు."

ఆయన సంతకం పెట్టాడు. అయిదేళ్ళు మామా! అయిదేళ్ళు నా బండి నాది.

స్వర్ణ


వెంకటాచలం
మార్చి 9

స్వర్ణకు,

నీ ఉత్తరం పేరమ్మ చేత కూడా చదివించాను. ఇన్‌స్పెక్టరు దగ్గర నా పరువు తీసేశావని ముందు తిట్టుకున్నాను. లారీ సంగతి ఆయన దాకా పోయిందంటే జిల్లా అంతటికీ తెలుసన్నమాట. రెండేళ్ళు నేను దాచుకున్నది నా ఒక్కడికే దాగింది. ఇక భయమెందుకు?

సోమవారం షెడ్డు తాళం విరగ్గొట్టాను. తాళంచెవి అప్పుడే ఎక్కడో పారేశాను. మొదట ఒక ఆటో అతను వచ్చి నా చెవిలో అరిచాడు. నోటు పుస్తకం, పెన్ను చేతిలో పెట్టాను. కోపమొచ్చి వెళ్ళిపోయాడు. పోతే పోనీ అనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చి ఒక పేజీ రాసి ఇచ్చాడు. చదువుతుంటేనే జబ్బు తెలిసిపోయింది. లారీ పోగొట్టుకున్న ఆయన ఇంటికి కూడా పోయి వచ్చాను. ఆ రోజు నాకు వినపడలేదని మొహం మీద చెప్పాను. ఆయన చాలా మాటలన్నాడు. అందులో ఒక్కటీ వినపడలేదు కానీ అన్నీ నిలబడి తీసుకున్నాను.

బోర్డు రాసేవాడు నిన్న వచ్చాడు. పాత పేరే రాయనా అని సైగ చేశాడు. కాదని చెప్పి, అడుగెత్తు అక్షరాలతో, హైవే మీద పోయే ప్రతివాడికీ కనపడేలా ఇది రాయించాను:

చెవిటి ఆదెయ్య షెడ్డు. మీ ఇంజిను ఏమంటోందో రాసి తీసుకురండి.

ఆదెయ్య